అక్క చెయ్యి, తెల్లోడి భుజం

మొన్న ఆదివారం అద్దాల బీరువా తుడుస్తుంటే రెండో అరలో ఒక బొమ్మ పట్టేంత చోటు ఖాళీగా కనిపించింది. అది నాకు కొత్త సంగతి కాదు, ఆ చోటు ఖాళీ చేసింది నేనే. అయినా గుడ్డ పట్టుకున్న చెయ్యి అక్కడికి రాగానే ఆగిపోయింది. వెనక నుంచి మా ఆవిడ చూసి, "గా జాగల ఇంకోటి వెట్టరాదు? ముందటి పన్ను ఊడినట్టు కొడుతుంది" అంది. పెట్టడానికి నా దగ్గర రోబోలకు కొదవ లేదు. అట్టపెట్టెల్లో, మంచం కింద, చివరికి బియ్యం డ్రమ్ము వెనక కూడా ఉన్నాయి. ఒకటి తీసి ఆ చోట నిలబెట్టాను. చెయ్యి పైకెత్తాను, దించాను, నడుము తిప్పాను. ఏదీ కుదరలేదు. తీసేశాను. ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

భూపాలపల్లి బొగ్గు గనుల వర్క్‌షాపులో పనిచేస్తూ, యాభై దాటాక కూడా బొమ్మలు కూడబెట్టే మనిషిని చూసి జనం ఏమనుకుంటారో నాకు తెలుసు. తోటివాళ్ళు ఎదురుగానే, "సార్‌కు ఇంటికాడ పిల్లలున్నరనుకున్న, సారే పిల్లగాడట" అని నవ్వుతారు. నాకు కావలసింది ఉత్త బొమ్మలు కావు, కీళ్ళున్న రోబోలు. మెడ, భుజం, మోచెయ్యి, నడుము, తుంటి, మోకాలు, మడమ, అన్నీ తిరగాలి. ఎట్లా నిలబెడితే అట్లా నిలబడాలి. నేను కుదురుగా కూర్చోలేని మనిషిని. సినిమా హాల్లో సగంలో లేచి బయటికొస్తాను, తింటూ తింటూ లేచి ఫ్యాను స్పీడు మారుస్తాను. నా జేబులో ఎప్పుడూ ఒక చిన్న రోబో ఉంటుంది. ఆఫీసు మీటింగుల్లో బల్ల కింద దాని మోకాలు టిక్ టిక్ అని తిప్పుతూ ఉంటాను. నేను నిలకడగా ఉండలేను కాబట్టి, పెట్టిన చోట పెట్టినట్టు ఉండే మనుషుల్ని బీరువా నిండా చేర్చుకున్నానేమో. మనుషులు అని రాశాను, కొట్టెయ్యను.

ఈ పిచ్చికి మొదలు మానుకోటలో ఉంది. కాగితాల మీద మహబూబాబాద్ అంటారు గానీ మాకు అది ఎప్పుడూ మానుకోటే. బాపు అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. ఒకసారి జాతర నుంచి నాకొక ప్లాస్టిక్ రోబోను తెచ్చాడు. ఎర్ర ఒళ్ళు, నీలం తల, చేతులు మాత్రం భుజం దగ్గర ముందుకూ వెనక్కూ కదిలేవి. నా చేతిలో ఏ వస్తువైనా ఎంతకాలం ఉంటుందో అదీ అంతకాలమే ఉంది. చెయ్యి పక్కకు కూడా తిరుగుతుందేమోనని విరగ్గొట్టాను. ఏడుస్తూ కూర్చుంటే మా అక్క తన పాత లంగాలోంచి ఎలాస్టిక్ లాగింది. ఈ భుజం బొక్కలోంచి దూర్చి, ఒళ్ళు దాటించి, ఆ భుజంలోంచి బయటికి తీసి, రెండు చేతులనూ కలిపి ముడేసింది. అంతే, విరిగిన చెయ్యి పైకి, కిందికి, పక్కకు, ఎటంటే అటు తిరిగింది. నెలకోసారి ఎలాస్టిక్ సాగిపోయి రోబో చేతులు వేలాడేవి. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి కూడా దించకుండా అక్క ముందు పెట్టేవాణ్ణి. "మల్ల లూజయినాదిరా?" అని ముడి విప్పి, ఇంత కురచ చేసి, మళ్ళీ వేసేది. అన్నిసార్లు వేసింది గానీ ఒక్కసారీ విసుక్కున్నట్టు నాకు గుర్తు లేదు.

అక్క గురించి ఇంకొక సంగతి చెప్పాలి. ఆమె చెయ్యి మంచిదని మా వాడకట్టంతా నమ్మేది. కోడిని పొదగేసేటప్పుడు దాని కింద గుడ్లు పెట్టడానికి అక్కను పిలిచేవాళ్ళు. పెరట్లో బీర గింజ వెయ్యాలంటే మొదటి గింజ అక్క చేతిదే. కొత్త బట్టకు కత్తెర పెట్టాలన్నా, కొత్త కుండలో పాలు తోడెయ్యాలన్నా, "జర నీ చెయ్యి వెట్టిపో బిడ్డా" అనేవాళ్ళు. పిల్లలు కాని గుడ్లు, మొలవని గింజలు కూడా ఉండే ఉంటాయి, వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. నాకు లోపల కొంచెం కుళ్ళుగా ఉండేది. నన్ను ఏ ఇంటికీ ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. పిలవకపోవడమే న్యాయం. పెళ్ళయి జనగామ వెళ్ళాక ఆ పేరు అక్కతో పాటే వెళ్ళింది. బావకు దేవరుప్పుల దారిలో పత్తి చేను ఉంది. ఏటా పత్తి పగలగానే మొదటి దూది అక్క తీసి ఒళ్ళో వేసుకుంటేనే కూలీలు చేనులో దిగేవాళ్ళు.

ఇక తెల్లోడి సంగతి. ఎవరో చేసిన రోబోలు కొని కొని, ఒకనాటికి నేనే ఒకటి తయారు చెయ్యాలన్న తొందర పుట్టింది. మా వర్క్‌షాపుకు మరమ్మత్తుకు వచ్చే బొగ్గు తవ్వే యంత్రం చెయ్యి ఉంటుంది చూడండి, మోచెయ్యి దగ్గర మడిచి, తొట్టిని గుండెకు హత్తుకున్నట్టు దగ్గరికి లాక్కుంటుంది. ఆ చేతులున్న రోబో ఒకటి నా తలలో చాలాకాలం తిరిగాడు. కంప్యూటర్లో గీసి, ఇంట్లో కొనిపెట్టుకున్న త్రీడీ ప్రింటర్లో ఒక్కొక్క ముక్క తీసి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, అచ్చు పోసి, ఆ అచ్చులో తెల్లటి రెజిన్ పోశాను. రెజిన్ అంటే పోసినప్పుడు నీళ్ళలా ఉండి తర్వాత రాయిలా గట్టిపడేది. అట్లా జానెడు పొడుగు, పాలలాంటి తెలుపుతో ఒకడు తయారయ్యాడు, వాడే తెల్లోడు. అంతా బాగానే కుదిరింది గానీ కుడి భుజమే నన్ను సతాయించింది. పొద్దున చెయ్యెత్తి నిలబెడితే సాయంత్రానికి మెల్లగా, ఎవరూ చూడకుండా, దించేసుకునేవాడు. వదులైన కీలు లోపల గోళ్ళ రంగు పూసి ఆరబెడితే బిగుస్తుందని మా బొమ్మల వాళ్ళకు తెలుసు. మా ఆవిడ గోళ్ళ రంగు సీసాలన్నీ ఆ భుజానికే ఖర్చయ్యాయి. "పెండ్లిళ్ళకు నేను బోసి గోళ్ళతోని వోవాలె, నీ పోరడు మాత్రం సోకు జెయ్యాలె" అని ఆమె దెప్పింది. ఒకసారి మరీ బిగుసుకుపోయి తిప్పబోతే పగిలింది. ఇంకొకటి పోశాను. కీలులోని గుండు చిన్నది చేశాను, పెద్దది చేశాను, పళ్ళు పెట్టాను, తీసేశాను. ఇక చాలు అనడం నాకు ఏనాడూ చేతకాలేదు.

నిరుడు దసరాకు అక్కా బావా భూపాలపల్లికి వచ్చారు. అదే రోజు హైదరాబాద్ నుంచి నాలాంటి పిచ్చి ఉన్న ఇద్దరు మిత్రులు తెల్లోణ్ణి చూడటానికి వస్తామన్నారు. నచ్చితే కొన్ని బొమ్మలు పోయించి అందరికీ అందేట్టు చూస్తామని కబురు చేశారు. పొద్దున్నే వర్క్‌షాపులో ఆయుధపూజ. కడిగిన డంపర్లకు బంతి దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, మనిషి కంటే ఎత్తు టైర్ల మీద పసుపు పూతలు. అది ముగించుకుని ఆ ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాను. గుమ్మం దగ్గర స్కూటర్‌కు బొట్టు. లోపల మిక్సీకి బొట్టు, కుట్టు మిషనుకు బొట్టు, గ్యాసు పొయ్యికి బొట్టు. అక్క పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని బీరువా ముందు నిలబడి ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్క రోబోను కూడా వదలలేదు. నుదురున్నవాటికి నుదుటి మీద, లేనివాటికి గుండె మీద, తడి పసుపు, మీద కుంకుమ. తెల్లోడికి మాత్రం అందరికంటే పెద్ద బొట్టు పెట్టి, ఎత్తిన చేతిలో ఒక బంతిపువ్వు ఇరికించింది.

"మిషిన్లన్నిటికి వెట్టిన తమ్మీ" అంది సంబరంగా. "గివి గూడ మిషిన్లే గద, గీళ్ళేం పాపం జేసిండ్రని గీళ్ళకు గూడ వెట్టిన. నీ తెల్లోడికి నా చెయ్యి పడ్డది, ఇగ జూడు."

ప్లాస్టిక్ మీద తడి పసుపు పడితే పోదు. నాకు కనిపించింది అదొక్కటే. ఆమె మొహం కనిపించలేదు. "నీ చెయ్యి వడితే ఏదన్న బాగుపడ్తదా?" అన్నాను, ఆ ఇద్దరి ఎదుట, గొంతు పెంచి. "అన్ని నాశనం జేసిపెట్టినవ్."

అక్క పళ్ళెం కింద పెట్టింది. వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. అందరికీ అన్నాలు వడ్డించింది, ఆ కొత్తవాళ్ళకు కూర మళ్ళీ వేసింది. వాళ్ళలో ఒకాయన తెల్లోణ్ణి చేతిలోకి తీసుకుని, "సర్, ఈ బొట్టుతోనే బాగున్నాడు, మనవాడిలా ఉన్నాడు" అన్నాడు. నన్ను ఊరడించడానికి అంటున్నాడనుకున్నాను. దసరా సాయంత్రం చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్ళకు మొక్కుతారు. అప్పటిదాకా అక్క ఉండలేదు. చేను దగ్గర పని ఉందని బావ చెప్పాడు, చెబుతున్నంతసేపూ చెప్పుల వైపే చూశాడు. ఆ ఏడు అక్క చేతిలో నేను జమ్మి పెట్టలేదు.

ఆ ఇద్దరు మిత్రులు తెల్లోణ్ణి పంపమని తర్వాత అడుగుతూనే ఉన్నారు. భుజం సరిచేసి పంపుతానని నేను చెబుతూనే ఉన్నాను. కొంతకాలానికి వాళ్ళు అడగడం మానేశారు, దానికి అక్క కారణం కాదు. ఈలోగా సబ్బులు, సర్ఫులు అయ్యాక, ఎండకు పెడితే పసుపు మరక పోతుందని ఎవరో చెబితే రోబోలన్నిటినీ డాబా మీద వరసగా పరిచాను. నిజంగానే పోయింది. నాలుగు రోజుల్లో ఏ మొహం మీదా మరక లేదు. అన్నిటినీ కిందికి తెచ్చుకున్నాను, నీళ్ళ ట్యాంకు వెనక పెట్టిన తెల్లోణ్ణి తప్ప. అప్పటికే నా బుర్రలో మరో కొత్త భుజం తిరుగుతోంది, పాతవాణ్ణి మరిచిపోయాను. రాఖీకి అక్క రాలేదు, రాఖీ మాత్రం కొరియర్‌లో వచ్చింది. నేను వెళ్ళి కట్టించుకోవచ్చు. షిఫ్టు ఉందని నాకు నేనే చెప్పుకుని, ఆ పొద్దంతా ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగాను.

మళ్ళీ దసరా దగ్గరికొస్తుండగా బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, పత్తి పగిలి చేనంత తెల్లగ నవ్వుతుంది. మీ అక్క చెయ్యి ఎయ్యనంటది."

"ఎందుకట బావా?"

"నన్నడుగుతవేంది? నా చెయ్యి మంచిది గాదు, సదువుకున్న నా తమ్ముడే జెప్పిండు అంటది. పక్కింటోళ్ళు కోడి కింద గుడ్లు వెట్టమని వస్తె తలుపు దగ్గరికేసింది. ఏడాది సంది గిదే కథ."

"నువ్వే మొదలువెట్టరాదు?"

"పెండ్లైన కాడి నుంచి ఆమె చెయ్యి లేకుండ చేన్ల బుట్ట దించలె. ఇప్పుడెట్ల దించుత? అవుతల మబ్బు వట్టింది. వాన వడ్డదంటే దూదంత నల్లవడ్తది. నీ నోటికి తాళమెయ్యకపోతి ఆనాడు."

ఏడాదంతా నేను నా మాట గురించి బాధపడుతూనే ఉన్నాను. ఆ బాధంతా నా గురించే. ఆమె ఒక్కొక్క ఇంటి గుమ్మంలోంచి చెయ్యి వెనక్కి తీసుకుంటూ వస్తోందని నాకు తట్టనే లేదు. ఫోన్ పెట్టేసి డాబా ఎక్కాను. కాలుగాలిన పిల్లిలా తిరిగే వేళల్లో నేను డాబా ఎక్కుతాను. అక్కడ, ట్యాంకు వెనక, ఒక వేసవి ఎండనంతా తాగి, చెయ్యి దించుకుని తెల్లోడు నిలబడి ఉన్నాడు. బొట్టు ఎప్పుడో వెలిసిపోయింది. కానీ తెల్ల రెజిన్ ఎండకు పచ్చబడుతుంది. ఈ సంగతి బొమ్మలు చేసే ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. తల నుంచి మడమల దాకా వాడు పసుపు ముద్దలా తయారయ్యాడు.

మర్నాడు వాణ్ణి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. పరకాల దాటేదాకా ఏమనాలో కూడబలుక్కున్నాను. హన్మకొండలో బస్సు మారేసరికి అవన్నీ మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి కూడబలుక్కున్నాను. కిటికీలోంచి మబ్బు చూడటం, జేబులో చిన్న రోబో మోకాలు తిప్పడం. పక్కసీటు ముసలాయన, "ఏంది బాబూ, జేబుల గడియారమున్నదా?" అని అడిగాడు.

జనగామలో అక్క తలుపు తీసి, ఏమీ జరగనట్టు, "బస్సుల తిన్నవా, లేదా?" అంది. అంతకంటే రెండు దెబ్బలు కొడితే బాగుండేది. అరుగు మీద తండా నుంచి కూలీలను వెంటబెట్టుకొచ్చే పెద్దమ్మ కూర్చుని ఉంది. చేతి నిండా గాజులు, పక్కన ఖాళీ బుట్ట. వెంట వచ్చిన ఆడవాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో అంటే అందరూ నన్ను చూసి నవ్వారు. తర్వాత నాకు అర్థమయ్యే భాషలో, "నువ్వేనా సారూ ఆ తమ్మునివి? మా పొట్టల మీద కూసున్నవ్ గదా" అంది. బావ మూతి బిగించుకుని గోడ వైపు తిరిగాడు, నవ్వాపుకోవడానికి.

నేను కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. కూడబలుక్కున్న మాట ఒక్కటీ రాలేదు. సంచిలో చెయ్యిపెట్టి తెల్లోణ్ణి తీసి అక్క ముందు నిలబెట్టాను.

అక్క వంగి చూసింది. "ఎవ్వడు వీడు? తెల్లోడెటు వోయిండు?"

"గీడే తెల్లోడు."

"గిదేం రంగురా?"

"నీ పసుపు వోవాలని ఎండకు వెట్టిన. నీది నాలుగొద్దులకే వోయింది. తర్వాత యాది మరిచిన. గిదంత నేను జేసిందే."

అక్క వాణ్ణి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. పెదవులు బిగబట్టింది గానీ ఆగలేదు. "ఓరి నీ! పెండ్లికొడుకును జేసినవ్ గదరా! నేను బొట్టంత వెడితే లొల్లి వెట్టినవ్, నువ్వు ఒళ్ళంత నలుగు వెట్టినవ్!" అని పకపకా నవ్వింది. అరుగు మీదివాళ్ళకు బావ విడమరిచి చెబితే అక్కడా నవ్వు మొదలైంది. పెద్దమ్మ లోపలికి తొంగిచూసి, "పిల్లెక్కడ మరి?" అంది.

ఆ నవ్వు సద్దుమణిగాక నేను, "ఎవ్వల చెయ్యి మంచిది గాదో జూసినవా అక్కా" అన్నాను. "ఆ దినం నేనన్న మాట..."

"ఆ మాట మల్ల ఎత్తకు" అంది. నవ్వు ఆగిపోయింది. వాడి కుడి చెయ్యి పైకెత్తి, వదిలి, అది మెల్లగా దిగడం చూసింది. "మస్తు ఏడ్చిన రా" అంది, నా వైపు చూడకుండా. "లే. కాళ్ళు చేతులు గడుక్కో. అన్నం వెడ్త."

మన్నించానని అనలేదు, ఇప్పటికీ అనలేదు. మర్నాడు పొద్దున మాత్రం చేనుకు బయలుదేరింది. మబ్బు చేని మీదికే వంగినట్టుంది. కూలీలంతా గట్టున వరసగా నిలబడ్డారు. అక్క మొదటి సాలులోకి దిగి, పగిలిన కాయ దాకా చెయ్యి చాచి, అక్కడే ఆగింది. ఎంతసేపు ఆగిందో తెలియదు, నాకు మాత్రం నా ఒళ్ళు నిలవలేదు. కొంగు చివర పసుపు మరక ఉందేమోనని చూశాను. అది వేరే చీర.

"తమ్మీ, నువ్వు గూడ రా" అంది వెనక్కి తిరిగి. "ఇద్దరం ఏద్దాం. మంచిగయితే నాది, పాడయితే నీది."

ఇద్దరం ఒకే కాయ మీద చెయ్యి వేసి దూది తీశాం. గట్టు మీంచి పెద్దమ్మ ఏదో కేక వేసింది, ఆడవాళ్ళు బుట్టలతో చేనులోకి దిగారు. సాయంత్రం దాకా నేనూ ఏరాను. ఒక సాలు కూడా పూర్తిచెయ్యకుండా ఇంకో సాలులోకి వెళుతుంటే, "సారుకు ఒక్క జాగల కాలు నిలువది" అని వాళ్ళు నవ్వుకున్నారు. సగం దూది ఇంటికి చేరింది, మిగతా సగం వానకు తడిసింది. "నీ చెయ్యి గూడ వడ్డది గద మరి" అంది అక్క. దసరా సాయంత్రం ఈసారి నేనే జనగామ వెళ్ళి ఆమె చేతిలో జమ్మి పెట్టాను.

తెల్లోడు అక్క ఇంట్లోనే ఉండిపోయాడు, టీవీ పక్కన. పేరు మాత్రం పెళ్ళికొడుకుగా మారింది. బిగువైన కొత్త భుజం పోసి తెస్తానని నేనంటే అక్క వద్దంది. బావ ఫోన్లో చెబుతుంటాడు: పొద్దున ఊడుస్తూ ఊడుస్తూ వచ్చి వాడి చెయ్యి పైకెత్తి పోతుందట, సాయంత్రం దీపం వెలిగించేసరికి అది కిందికి దిగి ఉంటుందట, "మల్ల లూజయినాదిరా?" అని వాణ్ణి అడుగుతుందట. పక్కింటివాళ్ళ కోడి కింద మొన్న ఆమే గుడ్లు పెట్టిందని కూడా చెప్పాడు. పిల్లలయ్యాయో లేదో నేను అడగలేదు. నా బీరువాలో ఉన్నవాళ్ళంతా పెట్టిన చోటే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, ఎవరూ ముట్టకుండా నిలబడి ఉన్నారు. కీలు బిగిస్తే కాలం కూడా అక్కడే నిలబడుతుందని ఇన్నేళ్ళు నమ్మాను. జనగామలో ఆ ఒక్క వదులు భుజం మీద ఆ కాలమే రోజూ కాస్త కిందికి దిగుతుంది, రోజూ పొద్దున అక్క చెయ్యి దాన్ని మళ్ళీ పైకెత్తుతుంది.